యుద్ధ చిత్రంలో చిన్న పాత్ర

(విశ్రాంత సైనికుడు రాఘవయ్య, ఆయన భార్య సుభద్ర టీవీలో యుద్ధ చిత్రం చూస్తున్నారు.)

రాఘవయ్య: చూశావా సుభద్రా, ఆ కథానాయకుడు ఏకే-47 పట్టుకుని పాట మొదలైనప్పటి నుంచి ఆపకుండా కాలుస్తూనే ఉన్నాడు. 30 తూటాల మ్యాగజైను నిమిషానికి 600 వేగంతో పేలితే 3 సెకన్లలో ఖాళీ అవుతుందని ఆ దర్శకుడికి చెప్పే నాథుడే లేడా?

సుభద్ర: ఆయనకు లేడేమో గానీ, నాకు చెప్పే నాథుడు మాత్రం పేర్లు పడుతున్నప్పటి నుంచీ చెబుతూనే ఉన్నాడు.

రాఘవయ్య: ఇదిగో, ఇప్పుడు గ్రెనేడు పిన్నును పళ్లతో లాగాడు! నిజంగా అలా లాగితే పిన్ను ఉన్నచోటే ఉంటుంది, పన్ను ఊడి చేతికొస్తుంది.

సుభద్ర: మీ కోపమంతా ఆయుధాల మీదేనా? ఆ భార్యను చూడండి. కాటుక చెదరకుండా కిటికీ దగ్గర నిలబడి ఏడవడం తప్ప ఆమెకు వేరే పనే లేదు. పిల్లవాడికి జ్వరం వస్తే అర్ధరాత్రి ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్లారో, బదిలీ అయిన ప్రతిసారీ కొత్త బడిలో సీటు కోసం ఎవరు తిరిగారో ఏ దర్శకుడైనా చూపించాడా?

రాఘవయ్య: ఆ మాటకొస్తే మా పని మాత్రం చూపించారా? యుద్ధరంగంలో ఎక్కువ కాలం గడిచేది కందకం తవ్వడంలో, కాపలా కాయడంలో, ఏమీ జరగని గంటల కొద్దీ ఎదురుచూడటంలో. అది తీస్తే ప్రేక్షకులు విరామం దాకా కూడా కూర్చోరు.

సుభద్ర: అతడు తూటాల మధ్య కూర్చుని మూడు పేజీల ప్రేమలేఖ రాస్తున్నాడు. మీరేమో "నేను క్షేమం, నువ్వు క్షేమమని తలుస్తాను, ఇంటి పన్ను కట్టావా" అని రాసేవారు.

రాఘవయ్య: మా ఉత్తరాలను అధికారులు చదివాకే పంపేవారు. ఎక్కడున్నామో రాయడం నిషేధం.

సుభద్ర: నిషేధం ఊరి పేరు మీదే కదండీ, ప్రేమ మీద కాదే!

రాఘవయ్య: (గొంతు సవరించుకుని) అన్నట్టు, మూసిన గదిలో అన్ని తూటాలు పేలాక అతడికి నాయిక గుసగుస ఎలా వినిపించింది? చెవులు గింగురుమంటూ ఉండాలి.

సుభద్ర: మీ చెవులు ఫిరంగుల మోతకు దెబ్బతిన్నాయని నాకు తెలుసు. కానీ బట్టలు ఆరేయమంటే వినిపించని ఆ చెవులకు, పక్కింటాయన మిమ్మల్ని పొగిడితే మాత్రం గోడ అవతల నుంచైనా వినిపిస్తుంది.

(తెరమీద కథానాయకుడు ఇంటికి తిరిగి వస్తాడు. భార్య పరుగెత్తుతుంది. "శుభం" పడుతుంది.)

సుభద్ర: సరిగ్గా కథ మొదలయ్యే చోట ఆపేశారు. మీరు వచ్చిన మర్నాడే పిల్లలను తెల్లవారకముందే లేపి వరుసలో నిలబెట్టి, దుప్పట్ల మడతలు తనిఖీ చేశారు. ఆ రాత్రి గాలికి తలుపు కొట్టుకుంటే మంచం కింద దూరారు. అప్పుడు నవ్వాలో, పక్కన చేరాలో తెలియక నేనూ మంచం కిందికే వచ్చాను.

రాఘవయ్య: (కాసేపటికి) అవన్నీ పెట్టి సినిమా తీస్తే, నా పాత్ర ఎవరు వేస్తే బాగుంటుందంటావు?

సుభద్ర: ఎవరు వేసినా ఫరవాలేదండీ. సగం పైగా కథలో మీరు ఇంట్లోనే లేరు కదా!