జపాన్ లొంగిపోయినా ఆసియాలో యుద్ధం ఆగలేదు

ఏటా ఆగస్టు రాగానే ఒక మెసేజ్ చాలామందికి అందుతుంది. 1945 ఆగస్టు 15న జపాన్ లొంగిపోవడంతో ఆసియాలో తుపాకులు మూగబోయాయట, మన సైనికులు ఇళ్లకు బయల్దేరారట, గెలిచిన దేశాలు అట్లాంటిక్ చార్టర్ అనే యుద్ధకాలపు ప్రకటనలో ఇచ్చిన మాట ప్రకారం వలస దేశాలకు స్వాతంత్ర్యం ఇచ్చేశాయట. ఇందులో చాలా భాగం నిజం కాదు.

ముందు తుపాకుల సంగతి. లొంగుబాటు పత్రం మీద సంతకాలు జరిగింది సెప్టెంబర్ 2న, టోక్యో అఖాతంలో, అమెరికా యుద్ధనౌక మిస్సోరీపై. అదే రోజు హనోయ్‌లో హో చి మిన్ వియత్నాం స్వాతంత్ర్యం ప్రకటించాడు. మూడు వారాలకే, సెప్టెంబర్ 23న, దక్షిణ వియత్నాంలోని సైగాన్‌లో, ఆ దేశపు పాత యజమానులైన ఫ్రెంచివాళ్లు ప్రభుత్వ భవనాలను బలవంతంగా ఆక్రమించారు. వాళ్లకు అండగా నిలిచిన బ్రిటిష్ జనరల్ గ్రేసీ చేతిలో ఉన్న సైన్యం మన 20వ ఇండియన్ డివిజన్. అదీ చాలక, నిన్నటిదాకా శత్రువులైన జపాన్ సైనికులనే వియత్నామీయుల మీదికి వాడుకున్నారు. అక్కడ ఫ్రెంచివాళ్లతో పోరు 1954 దాకా సాగింది.

మన సైనికులు ఇళ్లకు వచ్చేశారన్న మాట నన్ను ఎక్కువగా బాధపెడుతుంది. చాలామంది రాలేదు. 1945 ఆగస్టు 17న జాతీయ నాయకులు సుకర్ణో, హట్టా ఇండోనేషియా స్వాతంత్ర్యం ప్రకటించారు. పాత యజమానులైన డచ్చివాళ్లు ఇంకా తిరిగి రాలేదు. జపాన్ సైన్యాన్ని నిరాయుధం చేసే పని మీద జావాలో దిగిన బ్రిటిష్ దళాల్లో ఎక్కువమంది భారతీయులే. జావాలోని సురబాయ నగరంలో అక్టోబర్ 30న బ్రిటిష్ దళాల అధికారి బ్రిగేడియర్ మాలబీ హతుడయ్యాడు. నవంబర్ 10న బ్రిటిష్ వాళ్లు నగరం మీద ఓడలతో, విమానాలతో విరుచుకుపడ్డారు. మూడు వారాలు వీధివీధినా పోరాటం. ఇప్పటికీ ఇండోనేషియా ఆ తేదీని వీరుల దినంగా పాటిస్తుంది. పరాయి పాలనలో ఉన్న మనవాళ్లను, ఆ పాలన వద్దన్న మరో దేశం మీదికి ఉసిగొల్పారు! కొందరు భారతీయ సైనికులు ఇండోనేషియన్ల పక్షానికి వెళ్లిపోయారు. నెహ్రూ బహిరంగంగా నిరసించారు. 1946 ఫిబ్రవరిలో బొంబాయిలో బ్రిటిష్ వాళ్ల మీద తిరగబడ్డ భారత నౌకాదళ నావికుల డిమాండ్లలో, ఇండోనేషియా నుంచి భారత సైన్యాన్ని వెనక్కి రప్పించాలన్నది ఒకటి. భోజనం, జీతం కోసమే లేచారనేవాళ్లు ఈ డిమాండు గుర్తుంచుకోవాలి.

ఇక చార్టర్. 1941 ఆగస్టులో రూజ్‌వెల్ట్, చర్చిల్ కలిసి ప్రకటించిన ఆ పత్రంలో, తమ ప్రభుత్వాన్ని తామే ఎంచుకునే హక్కు ప్రజలందరికీ ఉందని రాశారు. మరుసటి నెలలోనే చర్చిల్ పార్లమెంటులో, అది ప్రధానంగా నాజీల కింద ఉన్న ఐరోపా దేశాల గురించేనని చెప్పేశాడు. ఫిలిప్పీన్స్‌కు 1946 జులై 4న అమెరికా స్వాతంత్ర్యం ఇచ్చిన మాట నిజమే, కానీ అది 1934 నాటి చట్టంలోనే ఉన్న హామీ. డచ్చివాళ్లయితే 1947లో ఒకసారి, 1948లో మరోసారి ఇండోనేషియా మీద పెద్ద ఎత్తున సైనిక దాడులు చేశారు. మొదటి దాడి రోజుల్లోనే మన పొరుగు ఒడిశాకు చెందిన బిజూ పట్నాయక్ స్వయంగా విమానం నడుపుకుంటూ జావా వెళ్లి, అక్కడి నాయకుడు షహ్రీర్‌ను బయటికి తీసుకొచ్చారు. డచ్చివాళ్లు అధికారం అప్పగించింది 1949 డిసెంబర్ 27న, జపాన్ లొంగిపోయిన నాలుగేళ్ల తర్వాత.