మహారాజశ్రీ బుల్లి టైగర్ ట్యాంకు గారికి

పుస్తకాల బీరువా, మూడో అర.

ఉభయకుశలోపరి. ఇక్కడ నాకు మెడ పట్టేసింది. తమరు మాత్రం ఒళ్లంతా దుమ్ము కొట్టుకుని హాయిగా ఉన్నారు, ఆ దుమ్ము కూడా, బొమ్మ అచ్చం అసలు ట్యాంకులా కనబడాలని నేను డబ్బులిచ్చి కొని మరీ చల్లిందే అనుకోండి.

ముందు బురద సంగతి తేలాలి. తమరి పెద్దన్న, రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ వాళ్ల 57 టన్నుల అసలు టైగర్, చక్రాలు ఒకదాని సందులో ఒకటి దూరినట్టు ఉండేవి కదా, రష్యా చలికాలంలో వాటి మధ్య బురద ఇరుక్కుని, రాత్రికి రాత్రి గడ్డకట్టి, బండి కదలక ఐదుగురు సిబ్బందీ నానా అగచాట్లు పడేవారు. వాళ్లు వదిలించుకోలేక చచ్చిన ఆ బురదని నేను సీసాలో కొన్నాను. వానాకాలంలో మా కాలనీ రోడ్డు మీద కావలసినంత ఫ్రీగా ఉంది గానీ అది తమరిలా 1/35 సైజులో, అంటే అసలుకు ముప్పై అయిదో వంతులో లేదు, రేణువు లావు. పోయిన ఆదివారం నా స్కూటర్‌కు అంటిన బురద శుభ్రంగా కడిగేసి, అదే చేత్తో లోపలికొచ్చి తమరి చక్రాలకు టూత్‌పిక్‌తో బురద మెత్తుతుంటే మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది. ఏమీ అనలేదు. అన్నా బాగుండేది.

పోనీ ఈ 1/35 ఏమైనా వేదవాక్కా? 1961లో జపాన్‌లో టమియా అనే బొమ్మల కంపెనీ వాళ్లు పాంథర్ ట్యాంకు బొమ్మ చేస్తూ, లోపల మోటారూ బ్యాటరీలూ పట్టేలా ఒక సైజు పెట్టుకున్నారు, తర్వాత కొలిస్తే సుమారు 1/35 అని తేలింది. అంటే బ్యాటరీల కొలతకు కుట్టిన చొక్కా అన్నమాట! ఇప్పుడు తమరి కడుపులో బ్యాటరీ లేదు, మోటారూ లేదు, నేను మాత్రం హెడ్‌లైటు అర మిల్లీమీటరు పక్కకు జరిగిందని రాత్రి రెండింటిదాకా కూర్చున్నాను. హాల్లో గోడ గడియారం ఉగాది నుంచీ వంకరగానే వేలాడుతోంది.

ట్వీజర్స్‌లోంచి టిక్కుమని ఎగిరిపోయిన ఆ కొక్కెం గురించి మాట్లాడను. మంచం కింద చీపురు పెట్టి లాగితే రెండు రబ్బరు బ్యాండ్లు, అమ్మాయి చెవిపోగు, నిరుడు ఎగిరిపోయిన షెర్మన్ ట్యాంకు పిడి దొరికాయి. కొక్కెం దొరకలేదు.

ఇక లోపలి సామాను. అసలు దాంట్లో 92 గుండ్లు పట్టేవని చదివి, ఒక్కటి తగ్గినా చరిత్రకు ద్రోహమని అన్నిటి మొనలకూ రంగేశాను. ఇంజన్‌కు నూనె మరకలు కూడా పెట్టాను. తర్వాత పైమూత జిగురు పెట్టి మూసేశాను. ఇక దేవుడు కూడా చూడలేడు.

చూడకపోవడమే మంచిది లెండి, ఎందుకంటే తమరి డ్రైవర్‌కు మెల్లకన్ను వచ్చింది. కనుపాప చుక్క మూడుసార్లు చెరిపి పెట్టాను, నాలుగోసారి ఎడమ కన్ను ముక్కును చూస్తూ ఆగిపోయింది. అప్పుడే మూత అతికించాను. విషయం గుట్టుగా ఉంచగలరు. పై అరలో సీలు తీయని బొమ్మల డబ్బాలు పదకొండున్నాయి, వాటి చెవిన మాత్రం అస్సలు పడనివ్వకండి.

ఇట్లు,
వేళ్లకు ఇంకా జిగురు వదలని
తమ విధేయుడు