నేరం ఎలక్ట్రాన్‌దే

నల్లగొండ జిల్లాలో తాగునీటిలోని ఫ్లోరైడ్ వల్ల తరతరాలుగా పళ్లు గారపట్టడానికి, నడుములు వంగిపోవడానికి బాధ్యులెవరన్న వివాదం ఇక ముగిసినట్టే. పాలకుల మీద, ఇంజనీర్ల మీద, గుత్తేదార్ల మీద ఇన్నాళ్లూ వేసిన నిందలన్నీ నిరాధారమనీ, అసలు దోషి ఫ్లోరిన్ పరమాణువులో ఎలక్ట్రాన్ల కొలువుల్లో ఒకటైన 2పి ఉపస్థాయిలో మిగిలిన ఒకే ఒక్క ఖాళీ అనీ సవినయంగా మనవి చేస్తున్నాను.

సాక్ష్యం పరిశీలించండి. ఫ్లోరిన్‌కు ఉన్నవి 9 ఎలక్ట్రాన్లు. తక్కువ శక్తి గల చోటు నిండిన తరువాతే పై స్థాయికి పోవాలన్నది ఆఫ్‌బౌ నియమం కాబట్టి మొదటి రెండూ అన్నింటికన్నా తక్కువ శక్తి గల 1ఎస్ ఉపస్థాయిలో, తరువాతి రెండూ దాని పైనున్న 2ఎస్‌లో చేరతాయి. 1ఎస్‌లోనే ఇరుక్కుంటానని మూడోది ఏ పెద్దమనిషి సిఫారసు లేఖ తెచ్చినా 1925లో భౌతికశాస్త్రవేత్త పౌలీ ప్రకటించిన వర్జన నియమం ఒప్పుకోదు. ఒక ఆర్బిటాల్‌లో (ఉపస్థాయిలోని గదిలో; 1ఎస్‌లో ఉన్నది ఒకటే) రెండింటికే చోటు, వాటి స్పిన్‌లు (భ్రమణ దిశ వంటి గుణం) కూడా ఒకదానికొకటి వ్యతిరేకంగా ఉండి తీరాలి. మిగిలిన ఐదూ 2పిలోని మూడు ఆర్బిటాళ్లకు వస్తాయి. హుండ్ నియమం ప్రకారం ముందు ఒక్కోదానిలో ఒక్కొక్కటే, ఒకే దిశ స్పిన్‌తో కుదురుకున్నాక గానీ జతకూడడం మొదలుకాదు. ఆ లెక్కన రెండు ఆర్బిటాళ్లు నిండుతాయి, మూడోదానిలో ఒక ఎలక్ట్రాన్ ఒంటరిగా మిగులుతుంది. మన దౌర్భాగ్యమంతా ఆ సగం ఖాళీలోనే ఉంది.

సర్కారు కొలువైతే ఎన్నేళ్లయినా ఓర్పుగా ఖాళీగా ఉండగలదు. ఫ్లోరిన్‌కు ఆ సంస్కారం లేదు. పౌలింగ్ కొలమానంలో దాదాపు 4 ఋణవిద్యుదాత్మకతతో, అంటే ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కునే గుణంతో, మూలకాలన్నింటినీ మించిన ఈ పరమాణువు, ఎలక్ట్రాన్ ఎక్కడ దొరికితే అక్కడ లాక్కుని, నియాన్ లాగే 10 ఎలక్ట్రాన్ల విన్యాసంతో ఫ్లోరైడ్ అయాన్‌గా స్థిరపడుతుంది. ఈ భర్తీ మన గ్రానైట్ రాళ్లలో కోట్ల ఏళ్ల కిందట, ఏ పార్టీ అధికారంలో లేనప్పుడే పూర్తయింది గనుక ఏ ప్రభుత్వాన్నీ తప్పుపట్టడానికి వీల్లేదు. అక్కడి నుంచి బోరు నీటిలోకి దిగి, పరిమాణంలో హైడ్రాక్సైడ్ అయాన్‌కు దగ్గరగా ఉండడం వల్ల ఎముకల ఖనిజంలో దాని చోటు ఆక్రమిస్తుంది.

1955లో నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేసినా, పక్కనే పారే కృష్ణ నీళ్లు ఫ్లోరైడ్ ఊళ్లకు చేరడానికి దశాబ్దాలు పట్టిందని కొందరు గొణుగుతుంటారు. వారికి ఎలక్ట్రాన్ చిరునామా చెప్పే క్వాంటం సంఖ్యలు తెలియవు. పైగా పటిక, సున్నం కలిపి నీటిలో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని దేశవిదేశాల్లో 'నల్లగొండ టెక్నిక్' అంటారు. నీళ్లు రాకపోయినా పేరొచ్చింది కదా!

ఇక సహనిందితుడు కాల్షియం. దాని 20 ఎలక్ట్రాన్లలో చివరి రెండూ, 3డి పూర్తిగా ఖాళీగా ఉండగానే 4ఎస్‌లో చేరాయి. ఎన్, ఎల్ అనే క్వాంటం సంఖ్యల మొత్తం తక్కువ ఉన్నదే ముందు నిండాలి, అది 4ఎస్‌కు 4, 3డికి 5 కాబట్టి ఇందులో అక్రమమేమీ లేదని కాల్షియం వాదిస్తున్నది. అయితే ఆ రెండింటినీ రెండు ఫ్లోరిన్లకు చెరొకటి ధారాదత్తం చేసి ఫ్లోరైట్ ఖనిజంగా మారినట్టు రుజువైంది గనుక, దీనిపై ప్రత్యేక విచారణ సంఘం వేయాలని డిమాండ్ చేస్తున్నాను. దాని నివేదిక వచ్చేలోగా ఊళ్లో ఏ నీళ్లు తాగాలో చెప్పవలసిన అధికారి ఎవరన్నది మాత్రం ఆఫ్‌బౌ, పౌలీ, హుండ్ నియమాలు మూడింటిలోనూ వెతికి చూశాను, ఎక్కడా లేదు.