పాజ్ చేస్తే ఆగేది నెట్‌వర్క్ కాదు
లిబ్‌కర్ల్‌లో (ప్రోగ్రాములు నెట్ నుంచి డేటా తెచ్చుకోవడానికి వాడే లైబ్రరీ) డౌన్‌లోడ్‌ను పాజ్ చేయగానే డేటా రావడం అక్కడికక్కడే ఆగిపోతుందని ఒక వ్యాసంలో రాశారు, ఆ ఒక్క మాట నేను ఒప్పుకోలేను. వెంటనే ఆగేది డేటా మన కాల్‌బ్యాక్‌కు (వచ్చిన డేటాను అందుకోవడానికి మనం రాసిన ఫంక్షన్‌కు) అందడం మాత్రమే. లైబ్రరీ సాకెట్‌ను (కనెక్షన్‌లో మన వైపు కొనను) చదవడం మానేసినా అవతలి సర్వర్ పంపుతూనే ఉంటుంది. మన మెషీన్‌లో కెర్నల్ బఫర్ (వచ్చిన డేటాను ఆపరేటింగ్ సిస్టమ్ తాత్కాలికంగా ఉంచే చోటు) నిండి, టీసీపీ విండో (ఇంకా ఎంత పంపవచ్చో అవతలికి చెప్పే లెక్క) సున్నాకు చేరాకే అది ఆగుతుంది. ఒకే కనెక్షన్ మీద ఒకేసారి చాలా బదిలీలు (స్ట్రీములు) నడిపే హెచ్‌టీటీపీ/2లో ఇంకో చిక్కు ఉంది. అదే కనెక్షన్ మీద మిగతా స్ట్రీములు కూడా నడుస్తుంటే సాకెట్‌ను చదవక తప్పదు, పాజ్ చేసిన స్ట్రీమ్ డేటా కొంత మెమరీలో పోగవుతుంది. ఈ తేడా తెలియక నేను ఒక బ్యాకప్ టూల్‌లో డిస్క్ నిండినప్పుడల్లా పాజ్ చేసి, ఖాళీ అయ్యాక కొనసాగించేలా రాశాను. చిన్న విరామాలకు బాగానే పనిచేసింది. రాత్రంతా ఆగిన రోజు మాత్రం సర్వర్ కనెక్షన్ మూసేసింది, పొద్దున రెజ్యూమ్ చేస్తే ఎర్రర్. రెండు రోజులు టెన్షన్ పడ్డాక అర్థమైంది: గంటల తరబడి ఆపాలంటే వచ్చిన బైట్ల సంఖ్య, ఈట్యాగ్ (ఫైలు ఏ వెర్షనో చెప్పే సర్వర్ గుర్తు) దాచుకుని కనెక్షన్ వదిలేయాలి, తర్వాత రేంజ్ (ఏ బైటు నుంచి కావాలో), ఇఫ్-రేంజ్ (ఫైలు మారకపోతేనే ఆ ముక్క ఇవ్వమని) హెడర్లతో కొత్తగా అడగాలి. సర్వర్ జవాబు కోడ్ 206 (అడిగిన ముక్క మాత్రమే) వస్తే పాత ఫైలు చివర కలపాలి, 200 (మొత్తం ఫైలు) వస్తే మొదటి నుంచి రాసుకోవాలి.