మార్కుల కోసం మందు, కోపానికి మాత్రం తిట్లు

స్కూలు బస్సు సాయంత్రం నాలుగున్నరకి మా సందు మొదట్లో ఆగుతుంది. బాబు దిగే తీరు చూస్తే ఆ రాత్రి ఎలా గడుస్తుందో తెలిసిపోతుంది. బ్యాగు భుజానికి ఉంటే ఫరవాలేదు. నేల మీద ఈడ్చుకుంటూ వచ్చాడంటే ఇంకో పావుగంటలో ఇంట్లో ఏదో ఒకటి విరుగుతుంది. తీరా డైరీ తెరిస్తే, ‘ఈరోజు చాలా బుద్ధిగా ఉన్నాడు’ అని టీచర్ రాసి ఉంటారు. లంచ్ బాక్సు మూత తీస్తే పొద్దున పెట్టిన అన్నం పెట్టినట్టే ఉంటుంది.

వాడికి తొమ్మిదేళ్లు. ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస నిలవని, కుదురుగా ఉండలేని సమస్య, అని తేలి రెండేళ్లయింది. ఈ రెండేళ్లలో నాకు ఒక సంగతి అర్థమైంది. ఈ సమస్యలో చదువుకు అడ్డొచ్చే సగాన్నే మనం జబ్బుగా ఒప్పుకుంటాం. ఇంటిని కుదిపేసే మిగతా సగం ఉంది చూశారూ, ఆ కోపం, ఆ ఏడుపు, క్షణానికోలా మారే మూడ్, వాటిని పెంకితనం ఖాతాలో రాసేస్తాం.

తప్పంతా మనదే అనలేను. డాక్టర్లు చూసే డీఎస్‌ఎం-5 ప్రమాణాల్లో ఏడీహెచ్‌డీకి 18 లక్షణాలున్నాయి. తొమ్మిది ధ్యాస నిలవకపోవడం గురించి, తొమ్మిది కుదురులేనితనం, తొందరపాటు గురించి. వస్తువులు పోగొట్టుకోవడం ఉంది. ప్రశ్న పూర్తికాకుండానే జవాబు చెప్పేయడం ఉంది. తన వంతు వచ్చేదాకా ఆగలేకపోవడం ఉంది. కోపం మాత్రం లేదు. చిరాకు, మూడ్ మారిపోవడం లాంటివి ‘తోడుగా కనిపించవచ్చు’ అనే మాట కింద సర్దుకున్నాయి. 1902లో లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల డాక్టరు ఇలాంటి పిల్లల గురించి ఉపన్యాసాలిచ్చినప్పుడు, పట్టరాని ఆవేశాన్ని ముందువరసలోనే పెట్టాడు. కాకపోతే దాన్ని నైతిక నిగ్రహం లేకపోవడం అన్నాడు. వైద్యంలో ఆ మాట ఎప్పుడో పోయింది. మా చుట్టాల్లో ఇంకా బతికే ఉంది.

మన దగ్గర పిల్లవాణ్ణి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లేది చాలావరకు స్కూలు వాళ్లు పిలిచి చెప్పాకే. ఇంట్లో మూడేళ్లుగా జరుగుతున్నదంతా ‘మగపిల్లాడు కదా, అల్లరి’ కింద గడిచిపోతుంది. యూనిట్ టెస్టుల్లో మార్కులు పడిపోయాకే అది సమస్య అవుతుంది. మందును కూడా ఆ లెక్కతోనే చూస్తాం. బడి ఉంటే వేయడం, ఆదివారం సొంతంగా మానేయడం. సెలవు రోజుల్లో ఆపవచ్చా లేదా అన్నది డాక్టర్ చెప్పాల్సిన మాట. మనం మాత్రం ‘ఇవాళ క్లాసు లేదుగా’ అనేస్తాం. అమ్మతో, చెల్లితో గడపాల్సిన రోజుకి ధ్యాస అక్కర్లేదన్నట్టు.

ఇక ఆ నాలుగున్నర సంగతి. ఎక్కువగా రాసే మిథైల్‌ఫెనిడేట్ మామూలు మాత్రయితే మూడు నాలుగు గంటలు పనిచేస్తుంది, నెమ్మదిగా విడుదలయ్యే రకమైతే ఎనిమిది నుంచి పన్నెండు గంటల దాకా. ఇది వాడే పిల్లల్లో చాలామందికి ఆకలి మందగిస్తుంది. అందుకే బాక్సు నిండుగా తిరిగొస్తుంది. మందు ప్రభావం దిగిపోయే వేళ కొందరికి చిరాకు మామూలు కంటే ఎక్కువగా ఎగదన్నుతుంది. ఖాళీ కడుపు, దిగిపోతున్న మందు, పొద్దుటి నుంచి బిగబట్టుకుని కూర్చున్న అలసట, ఈ మూడూ కలిసి బస్సు దిగుతాయి. మనం ఏం చేస్తాం? ఐదు గంటలకి ట్యూషన్‌కి పంపిస్తాం.

టీచర్‌కి కనిపించే పిల్లవాడు వేరు, అమ్మకి కనిపించే పిల్లవాడు వేరు. పైగా మాట పడేది అమ్మే. ‘బళ్లో బాగానే ఉంటాడట, నీ దగ్గరే ఈ గారం’ అంటారు. ఈ మాట నాతో అన్నవాళ్ల లెక్క నేను ఎప్పుడో వదిలేశాను.

మందు మీద నాకు కోపం లేదు. అమెరికాలో 579 మంది పిల్లలతో జరిగిన ఎంటీఏ అధ్యయనం ఫలితాలు 1999లో వచ్చాయి. ధ్యాస, కుదురు విషయంలో జాగ్రత్తగా ఇచ్చిన మందు బాగా పనిచేసిందని అది చెప్పింది. దాంతోపాటు ఇంకో సంగతీ తేలింది. మందుకి తల్లిదండ్రుల శిక్షణ, ప్రవర్తన చికిత్స తోడైన పిల్లలకు తక్కువ మోతాదే సరిపోయింది. ఇంట్లో అమ్మానాన్నలతో సంబంధం లాంటి విషయాల్లో కూడా ఆ జోడింపే మెరుగనిపించింది. ఆరేళ్లలోపు పిల్లలకైతే మందు కంటే ముందు తల్లిదండ్రులకే శిక్షణ ఇవ్వాలని అమెరికా పిల్లల వైద్యుల సంఘం అంటోంది. మన ఊళ్లలో మందుల చీటీ దొరుకుతుంది, శిక్షణ దొరకదు. ఓపీలో ఐదు నిమిషాలు, బయట ముప్పై మంది.

శిక్షణ అంటే పెద్ద విద్యేమీ కాదు. ఉదాహరణకి బహుమతి. ‘ఫైనల్స్‌లో ఫస్ట్ వస్తే సైకిల్ కొంటా’ అని జూన్‌లో మాట ఇస్తాం. ఈ పిల్లలకి మార్చి అనేది ఉండదు, ఇప్పుడే ఉంటుంది. పది నిమిషాలు కూర్చుంటే రెండు నిమిషాలు బంతి, అదీ వెంటనే. ఒకసారి ఒక్క పనే చెప్పడం. ‘స్నానం చేసి, యూనిఫామ్ తీసి, బ్యాగు సర్ది’ అంటే మధ్యలోనే వదిలేస్తాడు. అన్నిటికంటే కష్టమైనది, వాడు అరుస్తున్నప్పుడు నేను అరవకుండా ఉండటం. ఆ క్షణంలో చెప్పే నీతి ఏదీ చెవికెక్కదు. ఇది తెలిసి కూడా వారానికి రెండు మూడుసార్లు అరుస్తాను.

‘మొక్కై వంగనిది మానై వంగునా’ అని మా మామగారు బెత్తం వైపు చూస్తారు. 2007లో అమెరికా పరిశోధకులు పిల్లల మెదడు స్కాన్‌లు పోల్చి చూశారు. మెదడు పైపొర మందం గరిష్ఠానికి చేరే వయసు మామూలు పిల్లల్లో సగటున ఏడున్నర అయితే, ఏడీహెచ్‌డీ పిల్లల్లో పదిన్నర అని తేలింది. అంటే వంగదని కాదు, మూడేళ్లు ఆలస్యంగా వంగే మొక్క. దెబ్బ కొడితే వంగేది మాత్రం కాదు. బడిలో కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ 2009లోనే నిషేధించింది. ఇంట్లో కొట్టడానికి అలాంటి సెక్షన్ లేదు.

అత్తగారు మాత్రం నిజానికి దగ్గరగా వచ్చారు. ‘వాళ్ల నాన్నా చిన్నప్పుడు అచ్చం ఇంతే’ అన్నారు. కవలల మీద జరిగిన అధ్యయనాలు ఇందులో వంశపారంపర్యం పాత్ర 70 నుంచి 80 శాతం దాకా ఉంటుందని చెబుతున్నాయి. అదే చిరాకు నాన్నలో ఉంటే ‘ముక్కు మీద కోపం, మనసు వెన్న’ అంటారు. కొడుకులో ఉంటే పెంపకం లోపం. కూతురిలో ఉంటే ‘రేపు అత్తారింట్లో ఎలా’ అనే టెన్షన్ తప్ప ఇంకేదీ ఉండదు. డాక్టర్ దాకా తీసుకెళ్లడం మరీ తక్కువ.

కోపమంతా ఏడీహెచ్‌డీయే అనుకోవడమూ పొరపాటే. దాని వెనక దిగులు ఉండొచ్చు, భయం ఉండొచ్చు, అక్షరాలు గుర్తుపట్టలేని ఇబ్బంది ఉండొచ్చు. వారానికి మూడు అంతకంటే ఎక్కువసార్లు పట్టరాని ఆవేశం, మధ్యలో కూడా రోజంతా చిరాకు, ఇలా ఏడాది సాగితే దానికి డీఎండీడీ అని 2013లో వేరే పేరే పెట్టారు. అందుకే ‘మార్కులెలా ఉన్నాయి’ అని అడిగి వదిలేయని డాక్టర్ కావాలి. తొమ్మిదేళ్లవాడు ‘నేను చచ్చిపోతా’ అంటే బెదిరింపు అని కొట్టిపారేయకూడదు. మావాడు ఒకసారి అన్నాడు. మర్నాడే డాక్టర్ దగ్గరికి వెళ్లాం. వెంటనే డాక్టర్ దొరకని ఊళ్లో ఉన్నవాళ్లకి టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ప్రభుత్వ కాగితాల్లో ఈ పిల్లలు లేకపోలేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అనే పిల్లల ఆరోగ్య పరీక్షల పథకం వెతకాల్సిన 30 సమస్యల్లో ఏడీహెచ్‌డీ కూడా ఒకటి. కానీ 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో దాని పేరు విడిగా లేదు. మందేమో షెడ్యూల్ ఎక్స్‌లో, అంటే గట్టి కట్టడి ఉన్న మందుల జాబితాలో ఉంది. చీటీ రెండు ప్రతులుండాలి, ఒకటి షాపువాళ్లు రెండేళ్లు దాచాలి. దుర్వినియోగం కాకూడదనే ఈ కట్టడి, కాదనను. అయితే ఆ లైసెన్సు ఉన్న షాపు కోసం బస్సెక్కాల్సిన ఊళ్లు చాలా ఉన్నాయి.

మా ఇంట్లో చేసిన మార్పు చిన్నది. పొద్దున మాత్రకి ముందే కడుపునిండా టిఫిను. నాలుగున్నరకి పెరుగన్నం. ఆ తర్వాత గంటసేపు ఎవరూ ఏమీ అడగకూడదు, హోంవర్క్ అనే మాటే ఎత్తకూడదు. విరిగే వస్తువులు తగ్గాయి, పూర్తిగా పోలేదు. ట్యూషన్ ఆరున్నరకి మార్చాం. ఎందుకని సార్ అడిగితే అసలు సంగతి చెప్పడానికి నోరు రాలేదు. సంగీతం క్లాసుకి వెళ్తున్నాడన్నాను. ఏం నేర్చుకుంటున్నాడని మొన్న మళ్లీ అడిగారు. మృదంగం అని చెప్పాను.