పాత కారు కొంటున్నారా? మీటరు తర్వాత, ముందు బండి కింద చూడండి

మూడు నుంచి ఆరు లక్షల్లో ఇంటిల్లిపాదీ పట్టే కారు కావాలని వెతికేవాళ్లు మన దగ్గర చాలామందే ఉన్నారు. కొత్తది కొనాలంటే ఈఎంఐ భారం, అందుకని పదేళ్లు దాటిన ఇన్నోవా, డిజైర్, ఎర్టిగా, వ్యాగన్ఆర్, ఐ10 ఇలాంటి వాటి చుట్టూనే తిరుగుతుంటారు. బండి చూడ్డానికి వెళ్లగానే అడిగే మొదటి ప్రశ్న అందరిదీ ఒకటే: "ఎంత తిరిగింది?" రెండోది: "ఫస్ట్ ఓనరేనా?" ఆ తర్వాత బానెట్ ఎత్తి, ఇంజిన్ స్టార్ట్ చేయించి, ఏసీ చల్లగా వస్తోందా లేదా చూసి బేరంలోకి దిగిపోతారు. ఈ బండి ఇన్నేళ్లు ఏ ఊళ్లో ఉంది, ఎక్కడ పార్క్ చేశారు, షెడ్డులోనా ఆరుబయటా అని అడిగేవాళ్లు మాత్రం చాలా తక్కువ. పదేళ్లు దాటిన బండికి నా లెక్కలో ఇదే మొదటి ప్రశ్న.

ఎందుకంటే ఇంజిన్ పాడైతే బాగుచేసుకోవచ్చు. క్లచ్ ప్లేట్లు, షాకబ్జార్బర్లు, ఇంజెక్టర్లు, చివరికి గేర్‌బాక్స్ అయినా సరే, డబ్బు పెడితే మార్చగలిగేవే. మారుతి, హ్యుందాయ్, టయోటా లాంటి ఎక్కువ అమ్ముడైన బండ్లకైతే చిన్న టౌన్లలో కూడా పార్టులు దొరుకుతాయి. కానీ బాడీ తుప్పు పట్టి, అది ఫ్లోర్ దాకా, సస్పెన్షన్ బిగించే చోటు దాకా వెళ్లిపోయిందంటే దాన్ని వెనక్కి తీసుకురావడం మామూలు షెడ్డులో అయ్యే పని కాదు. కుళ్లిన రేకు కోసేసి కొత్త రేకు వెల్డింగ్ చేస్తారు, కొన్నాళ్లకి ఆ వెల్డింగ్ పక్క నుంచే మళ్లీ మొదలవుతుంది. అందుకే లక్షన్నర కిలోమీటర్లు తిరిగి బాడీ గట్టిగా ఉన్న కారు, అరవై వేలే తిరిగి కింద తుప్పు తిన్న కారు పక్కపక్కన ఉంటే నేను మొదటిదే కొనమంటాను. పైగా ఆ అరవై వేలు నిజమో కాదో తేల్చడం కూడా కష్టమే, మీటరు వెనక్కి తిప్పడం ఎప్పటి నుంచో నడుస్తున్న వ్యాపారం.

తుప్పుకి కావాల్సింది గాలి, తడి. వాటికి ఉప్పు తోడైతే పని చాలా వేగంగా జరుగుతుంది. విశాఖలో బీచ్ రోడ్డు దగ్గరి అపార్ట్‌మెంట్లలో కిటికీ గ్రిల్స్, ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు ఎలా తయారవుతాయో అక్కడుండే వాళ్లకి చెప్పక్కర్లేదు. అదే గాలి రాత్రంతా కారు కిందా, తలుపుల్లోపలా తిరుగుతుంది. కాకినాడ, మచిలీపట్నం, నెల్లూరు తీరం అంతా ఇదే కథ. ముంబై, మంగళూరు బండ్లకైతే సముద్రపు గాలితో పాటు నెలల తరబడి వాన కూడా. అదే అనంతపురం, కర్నూలు వైపు బండి తీసుకోండి, ఎండకి డ్యాష్‌బోర్డు వెలిసిపోయి ఉంటుంది, రబ్బర్లు పగిలి ఉంటాయి, కానీ కింద చూస్తే రేకు గట్టిగా ఉంటుంది. రబ్బర్లు మార్చుకోవడం ఎంతసేపు? హైదరాబాద్ సముద్రానికి దూరంగా పీఠభూమి మీద ఉంది కాబట్టి ఇక్కడే పుట్టి పెరిగిన బండి ఈ విషయంలో మెరుగే, వరదలో మునగకుండా ఉంటే.

ఒకప్పుడు నంబర్ ప్లేటే చాలా చెప్పేది. ఏపీ 31 అంటే విశాఖ, ఏపీ 05 అంటే తూర్పు గోదావరి, ఏపీ 02 అంటే అనంతపురం. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 సిరీస్ తెచ్చాక ఆ తర్వాతి బండ్లకి ఈ ఆనవాలు లేకుండా పోయింది. ఆర్సీలో అడ్రస్ ఉంటుంది, సర్వీస్ బిల్లుల మీద ఊరి పేరు ఉంటుంది. ఆ బిల్లుల కట్ట అడిగి తీసుకుని వరుసగా చూస్తే బండి ఎక్కడెక్కడ బతికిందో, ఏటా ఎంత తిరిగిందో రెండూ ఒకేసారి బయటపడతాయి. బిల్లులే లేవన్నారంటే ఆ మేరకు ధర తగ్గించి అడగాల్సిందే.

ఇక బండి దగ్గర. మెరిసే పెయింట్ మీద నుంచి చూపు తీసేయండి, మోకాళ్ల మీద కూర్చోండి. తలుపుల కింద పొడుగ్గా ఉండే రన్నింగ్ బోర్డు అంచు మీద వేళ్లతో నెమ్మదిగా రాసుకుంటూ వెళ్లండి. పెయింట్ కింద చిన్న చిన్న పొక్కుల్లా తగిలితే లోపల తుప్పు మొదలైనట్టే, ఎందుకంటే తుప్పు అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, ఆ ఉబ్బుకే పెయింట్ పైకి లేస్తుంది. అంటే మీకు బయట కనిపించేసరికి లోపల చాలా భాగం పోయి ఉంటుంది. తర్వాత తలుపు తెరిచి కింది అంచు చూడండి, అక్కడ చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి. వాన నీళ్లు అద్దం పక్క రబ్బరు సందులోంచి తలుపు లోపలికి దిగడం మామూలే, ఆ నీళ్లు బయటికి పోవడానికే కంపెనీ ఆ రంధ్రాలు పెట్టింది. అవి బురదతో మూసుకుపోతే తలుపు లోపల నీళ్లు నిలిచి కింది నుంచి తినేస్తాయి. అండర్ బాడీ కోటింగ్ కొట్టేటప్పుడు అశ్రద్ధగా ఆ రంధ్రాలు కూడా పూడ్చేసిన బండ్లు చూశాను నేను, కాపాడటానికి చేయించిన పనే బండిని తినేసింది.

కార్పెట్ కూడా ఎత్తించండి. డ్రైవర్ పక్క సీటు కింద కాళ్లు పెట్టుకునే చోట చెయ్యి పెట్టి నొక్కితే తడి తగులుతోందా? చాలా బండ్లలో ఏసీ నీళ్లు బయటికి పోయే గొట్టం దుమ్ముతో మూసుకుపోతుంది, ఆ నీళ్లు లోపలికి కారి కార్పెట్ కింది స్పాంజిలో నిలుస్తాయి. పైన మందపాటి మ్యాట్లు వేసి ఉంటాయి కాబట్టి ఓనర్‌కి కూడా తెలియదు, నెలల తరబడి ఫ్లోర్ తడిలో నానుతూనే ఉంటుంది. డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంత చూడండి. ముందు అద్దం కింద వైపర్ల దగ్గర ఆకులు పేరుకున్నాయా, బ్యాటరీ కింద ట్రే ఎలా ఉంది, ఇవన్నీ పది నిమిషాల పని.

అన్నిటికంటే ముఖ్యం, దగ్గర్లో ఏదైనా సర్వీస్ షెడ్డుకి తీసుకెళ్లి లిఫ్ట్ ఎక్కించడం. సైలెన్సర్ మీద, బోల్టుల మీద పైపైన ఎర్రగా ఉండటం పాత బండికి సహజం, దానికి టెన్షన్ పడొద్దు. చూడాల్సింది సస్పెన్షన్ బాడీకి బిగించే చోట్లు, లోయర్ ఆర్మ్ మౌంటింగులు, జాకీ పెట్టే పాయింట్లు, బ్రేక్ పైపులు. స్క్రూడ్రైవర్ పిడితో తట్టితే గట్టి రేకు ఖంగుమంటుంది, కుళ్లింది మొద్దుగా పలుకుతుంది, ఒక్కోసారి పొరలు పొరలుగా ఊడి కింద పడుతుంది. గాజువాక వైపు ఒక షెడ్డులో ఇలాగే ఒక కారు రన్నింగ్ బోర్డు మీద మెకానిక్ కాస్త గట్టిగా తడితే రేకు బదులు పుట్టీ పెచ్చు ఊడొచ్చింది, దాని వెనక నలిపి కుక్కిన జాలీ ముక్క! పైన రంగు మాత్రం షోరూమ్ బండిలా ఉంది. పైన పటారం, లోన లొటారం అంటారే, సరిగ్గా అదే. గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం జేబులో పెట్టుకెళ్తే ఇలాంటి పుట్టీ పని ఇట్టే దొరుకుతుంది, రేకు ఉన్నచోట అతుక్కుంటుంది, పుట్టీ మందంగా ఉన్నచోట జారిపోతుంది. అమ్మకానికి ముందు కొత్తగా నల్లటి కోటింగ్ కొట్టించి ఉంటే సంతోషించకండి. తుప్పు శుభ్రం చేయకుండా దాని మీదే కొట్టిన కోటింగ్ తడిని లోపలే బంధించి ఇంకా చెడగొడుతుంది, పైగా మీరు చూడాల్సినవన్నీ కప్పేస్తుంది.

ఇన్నోవా, స్కార్పియో, బొలెరో లాంటి వాటికి కింద విడిగా ఛాసిస్ ఫ్రేమ్ ఉంటుంది (కొత్త ఇన్నోవా హైక్రాస్‌కి ఉండదు). "ఫ్రేమ్ బండి సార్, ఇనుప గుండు" అని అమ్మేవాళ్లు చెబుతుంటారు. గట్టిదే, కాదనను. కానీ ఆ ఫ్రేమ్ లోపల బోలుగా ఉంటుంది, బురదా నీళ్లూ అందులో చేరితే లోపలి నుంచి తింటుంది. నమ్మకానికి మారుపేరైన టయోటాకే అమెరికాలో ఈ దెబ్బ తగిలింది. టకోమా, టండ్రా, సెకోయా బండ్ల ఫ్రేములు తుప్పు పడుతున్నాయని వేసిన దావాలో దాదాపు 15 లక్షల వాహనాలకి సంబంధించి 2016లో కంపెనీ రాజీకి రావాల్సి వచ్చింది, ఆ ఒప్పందం విలువ 300 కోట్ల డాలర్లకి పైగానే అని అంచనా వేశారు. చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లే మిషిగన్, ఒహాయో లాంటి రాష్ట్రాల్లో చదువుకోవడానికి వెళ్లి పాత కరోలానో క్యామ్రీనో కొనే మన పిల్లలు కూడా ఇంజిన్ పేరు చూసి మురిసిపోకుండా కింద చూడాల్సింది అందుకే. స్విఫ్ట్, వ్యాగన్ఆర్ లాంటి చిన్న బండ్లకి విడిగా ఫ్రేమ్ ఉండదు, ఫ్లోర్, రన్నింగ్ బోర్డు, పిల్లర్లు కలిసే బండి బరువు మోస్తాయి. వాటిలో రన్నింగ్ బోర్డు కుళ్లిందంటే చెదలు పట్టిన దూలం కింద కాపురం ఉన్నట్టే. యాక్సిడెంట్ అయినప్పుడు వెనక సీట్లో ఉన్న పిల్లల్ని కాపాడాల్సింది ఆ రేకే.

వరద బండ్ల సంగతి ఇంకా ఘోరం. 2015 డిసెంబర్‌లో చెన్నై, 2020 అక్టోబర్‌లో హైదరాబాద్, 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు... ప్రతిసారీ వేల కుటుంబాలు నష్టపోయాయి, వాళ్ల బండ్లు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. రిపేరు ఖర్చు బీమా విలువలో 75 శాతం దాటితే ఇన్సూరెన్స్ కంపెనీ దాన్ని టోటల్ లాస్ కింద లెక్కగడుతుంది, ఆ బండి స్క్రాప్ ధరకి చేతులు మారుతుంది. అక్కడితో ఆగితే బాగానే ఉండేది, కొన్నిటిని కడిగి, తుడిచి, వేరే ఊళ్లో మళ్లీ అమ్ముతారు. సీటు బెల్టు చివరి దాకా లాగి చూడండి, లోపల చుట్టుకుని ఉండే భాగం మీద బురద చార ఉందేమో. సీటు బిగించిన బోల్టులు, డ్యాష్‌బోర్డు కింది బ్రాకెట్లు అన్నీ తుప్పు పట్టి ఉన్నాయంటే బండి మునిగిందేమోనని గట్టిగా అనుమానించాలి. వైరింగ్ కనెక్టర్లలో పచ్చగా చిలుము కనిపిస్తే ఆ బండి ఎంత చవకైనా వద్దు, ఏ సెన్సర్ ఎప్పుడు చచ్చిపోతుందో ఏ మెకానికూ చెప్పలేడు.

ఢిల్లీ బండ్ల మీద మాత్రం అనవసరమైన భయం ఉంది. పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్లు అక్కడ తిరగకూడదని 2018లో సుప్రీంకోర్టు చెప్పాక చాలా బండ్లు చవగ్గా బయట రాష్ట్రాలకి వచ్చాయి, 2025లో కొంత ఊరట వచ్చినా ఆ రాక ఆగలేదు. అవి చవక కావడానికి కారణం రూలు, బండి లోపం కాదు. అయితే అక్కడి ఆర్టీఓ నుంచి తెచ్చుకోవాల్సిన ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఇక్కడి లైఫ్ ట్యాక్స్, తిరగాల్సిన ఆర్టీఏ ఆఫీసు కలిపి లెక్కేస్తే చాలాసార్లు ఆ చవక మిగలదు.

ఇక ఆయుష్షు లెక్క. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకి ముగుస్తుంది, ఆ తర్వాత ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి రెన్యువల్ చేయించుకోవాలి. 600 రూపాయలున్న ఆ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది, 20 ఏళ్లు దాటిన కార్లకి 2025లో 10,000 చేశారు, పైన గ్రీన్ ట్యాక్స్ ఉండనే ఉంది. కాబట్టి పదమూడేళ్ల కారు మూడు లక్షలకి కొంటున్నారంటే రెండేళ్లలో ఈ ఖర్చు మీదే. బాడీ గట్టిగా ఉంటే రెన్యువల్ చేయించుకుని ఇంకో ఐదేళ్లు హాయిగా తిరగొచ్చు, లేకపోతే ఆ మూడు లక్షలు రెండేళ్ల అద్దె అనుకోవాలి. నమ్మకమైన మోడల్ ఏదని అడిగేవాళ్లకి కూడా నా జవాబు ఇదే, మోడల్ పేరు సగం మాత్రమే. టర్బో, ఆటోమేటిక్, సన్‌రూఫ్ లాంటివి తక్కువ ఉన్న మామూలు పెట్రోల్ మాన్యువల్ బండి, పార్టులు మీ ఊళ్లో దొరికేది, ఎండా వానా తగలకుండా ఉంచింది అయితే చాలు.

ఇదంతా కొనేవాడి నెత్తినే పెట్టడం నాకు మింగుడుపడదు. బ్రిటన్‌లో మూడేళ్లు దాటిన ప్రతి కారుకీ ఏటా ఎంఓటీ అనే పరీక్ష ఉంటుంది, సస్పెన్షన్, సీటు బెల్టు లాంటివి బిగించే చోటుకి 30 సెంటీమీటర్ల లోపు రేకు బలహీనపడేంత తుప్పు ఉంటే ఫెయిల్ చేస్తారు. ఆ రిపోర్టు, ఆ రోజు మీటరు రీడింగ్‌తో సహా, నంబర్ కొడితే ఎవరికైనా ఉచితంగా కనిపిస్తుంది. అమెరికాలో వరదలో మునిగి టోటల్ లాస్ అయిన బండి టైటిల్ (యాజమాన్య పత్రం) మీద ఆ ముద్ర పడుతుంది. మన ఆర్సీ మీద అలాంటిదేమీ లేదు. పొల్యూషన్ సర్టిఫికెట్ పొగని మాత్రమే చూస్తుంది, సొంత కారుని ప్రభుత్వం తరఫున ఎవరైనా పరీక్షించేది పదిహేనేళ్లకి, అప్పుడైనా కింద లైటు వేసి చూసేదెంతమంది? ఇన్సూరెన్స్ కంపెనీల దగ్గర టోటల్ లాస్ లెక్కలు ఉన్నాయి, షోరూమ్‌ల సర్వీస్ రికార్డుల్లో మీటరు రీడింగులు ఉన్నాయి. కేంద్ర రవాణా శాఖ పరివాహన్ పోర్టల్‌లో బండి నంబర్ కొడితే ఇన్సూరెన్స్ గడువు, పొల్యూషన్ గడువు ఇప్పటికే వస్తున్నాయి, వాటి పక్కనే మునిగిన బండా కాదా, చివరి సర్వీసు నాటికి మీటరు ఎంత అన్న రెండు గడులు చేర్చమని అడగడం పెద్ద కోరికేమీ కాదు.