అయిదు చుక్కల వారికి ఉరిసే ఇంటి ఉత్తరం

హన్మకొండ
ఆగస్టు, వాన పడుతున్న రాత్రి

మహారాజశ్రీ అయిదు చుక్కల గారికి,

ఇంట్ల మనుషులం క్షేమం. హాలు మాత్రం క్షేమంగ లేదు. టీవీ పక్కన ఒక ధార, సోఫా మీద ఇంకో ధార. మా అవ్వ ఇత్తడి గంగాళం ఒక దిక్కు, స్టీలు బొచ్చె ఒక దిక్కు పెట్టినం. గంగాళంల బొట్టు పడితె గుడిగంట లెక్క మోగుతది, బొచ్చెల పడితె టక్కుమంటది. రెండు చప్పుళ్ల నడుమ నిద్ర పట్టక మీకు రాస్తున్న.

మీతోని పరిచయం కాకముందు మా ఇంట్ల ఏది చెడిపోయినా మా బాపు కూలీల అడ్డా మీదికి పోయెటోడు. పొద్దుగాల ఏడింటికి తాపీలు పట్టుకొని నిలబడ్డోళ్ల చేతులు చూసి, "ఏ ఊరు బిడ్డా? ఎవరిల్లు చేసినవ్?" అని అడిగి, ఆ ఇంటికే పోయి, వాళ్లు పోసిన చాయ్ తాగి, గోడ మీద ఏలితోని కొట్టి చూసి వచ్చెటోడు. రెండు గంటల పనికి రెండు రోజుల విచారణ. నాకు నామోషీ అయ్యేది. చదువుకున్నోణ్ని గదా, పోయిన ఏప్రిల్‌ల స్లాబ్ ఉరుస్తుందంటె ఫోన్ తీసి, మ్యాపుల స్లాబ్ రిపేరోళ్లను వెతికిన.

అప్పుడు ఒక దుకాణం పేరు పక్కన దర్శనమిచ్చిండ్రు తమరు. అయిదుకు 4.9 రేటింగ్! కింద రెండు వందల పన్నెండు మంది సాక్షులు. ఒకాయన "సూపర్ వర్క్" అన్నడు. ఇంకొకాయన "సూపర్ వర్క్ బ్రదర్" అన్నడు. మూడో ఆయన మాటలు దండుగ అనుకున్నడో ఏమో, ఉత్త బొటనవేలు పెట్టిండు. ఒక పెద్దమనిషి అయితె ఒక్క రోజే సూరత్‌ల పళ్ల డాక్టరుకు, గువాహటిల పెళ్లిమండపానికి, మా హన్మకొండల స్లాబుకు అయిదేసి చుక్కలు పెట్టి పోయిండు. ఆర్టీసీ బస్సుల తిరిగితె ఆయన నడుము ఏమయ్యేది! ఇది నేను ఇప్పుడు చూసిన ముచ్చట. అప్పుడు చూసింది 4.9 ఒక్కటే.

మే నెలల ఇద్దరు పోరగాళ్లు వచ్చిండ్రు. చీపురుతోని ఊడ్చిండ్రు, కెమికల్ అని తెల్లటిదేదో బ్రష్షుతోని పూసిండ్రు, మధ్యాహ్నం బిర్యానీ తిన్నరు, సాయంత్రానికి సామాన్లు సర్దిండ్రు. స్లాబ్ మల్లెపువ్వు లెక్క మెరిసింది. దిగిపోయేటప్పుడు చిన్న పిలగాడు నా ముంగట నిలబడి, "అన్నా, జర అయిదు చుక్కలు కొట్టుండ్రి. మా ఓనర్ చూస్తడు, లేకుంటె కూలి పట్టుకుంటడు" అన్నడు. చెమటతోని అంగీ వీపుకు అతుక్కొని ఉన్నది. ఏం జెయ్యాలె? కొట్టిన. "చాలా మంచి పని" అని కూడ రాసిన. ఆ పిలగాడే ఫోటో దిగి పెట్టిండు. రెండు వందల పదమూడు.

ఎండాకాలంల చూస్తె మంచిగ లేని స్లాబ్ ఏది చెప్పుండ్రి? మీరు సిమెంటు ఆరకముందే తీర్పు చెప్పేస్తరు. మా పక్క ములుగు జిల్లాల రామప్ప గుడి ఉన్నది. దాన్ని కట్టించిన రేచర్ల రుద్రుడి శాసనం 1213 నాటిది, యునెస్కో గుర్తింపు 2021ల వచ్చింది. 808 ఏండ్లు ఆగి ఇచ్చిండ్రు! అంత ఆగుమని నేనన్లే. ఒక్క వానకాలం ఆగితె మీ సొమ్మేం పోయింది?

మా దిక్కు వాన రివ్యూలు చదివి రాదు. 2023 జూలైల ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటల ఒక్క రోజుల 64 సెంటీమీటర్లు దంచింది, ఇక్కడ నయీంనగర్ నాలా ఇండ్లమీదికి వచ్చింది. నా తెల్ల స్లాబుకు అంత అక్కెర పడలే. జూన్‌ల రెండో జల్లుకే పైన బొబ్బలు లేచినయ్, కింద గంగాళం మోగింది.

ఓనర్‌కు ఫోన్ కొడితె ఎత్తలే. నాలుగో రోజు వాట్సాప్‌ల ఒక బొమ్మ పంపిండు. తెరిచి చూస్తె నా రివ్యూ! "చాలా మంచి పని", పైన నా పేరు, పక్కన తమరు అయిదుగురు. "మంచిగ చేసిండ్రని మీరే రాసిండ్రు గదన్నా" అని కింద ఒక దండం. పట్టపగలు చుక్కలు చూపిచ్చుడంటె ఏందో ఆ దినం తెలిసింది.

మిమ్ముల్ని దారిల పెట్టనీకి సర్కారు చూడలేదనను. 2022 నవంబర్‌ల ఆన్‌లైన్ రివ్యూలకు ఐఎస్ 19000 అని ప్రమాణం తెచ్చిండ్రు. రాసినోడు నిజంగ ఉన్నోడేనా చూసుకోవాలె, పైసలిచ్చి రాయించినయి పెట్టద్దు అని. ఇష్టమున్నోళ్లే పాటించుమన్నరు. మా అవ్వ మా మామతోని "సిగరెట్లు తాగకు బిడ్డా" అన్నట్టు. ఇగ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉన్నది. చేద్దామని ఫోన్ పట్టుకుంటె, "బిల్లేది?" అని ముందుగాల మా ఇంటావిడే అడిగింది.

పక్కింటి అక్క స్లాబ్ ఆ 2023 వానకు సుత ఒక్క బొట్టు దిగలేదట. 2019ల కాజీపేట సుతారి కాక చేసిండన్నది. మ్యాపుల ఎవరో ఆయన పేరు ఎక్కిచ్చిండ్రు. చూసిన. ఒక్కటే రివ్యూ, ఒక్కటే చుక్క: "మొండి మనిషి. పర్రెలన్ని కోసి ఇల్లంత దుమ్ము చేసిండు. పిట్టగోడ మూలలకే ఒక దినం పట్టిచ్చిండు. ఆఖరికి స్లాబ్ మీద మడి కట్టి 48 గంటలు నీళ్లు నిలబెట్టిండు, పైసలు తీసుకోకుండ కింద కూసొని కప్పు దిక్కు చూసుకుంట ఉన్నడు."

దాన్ని మూడుసార్లు చదివిన. మా బాపు ఉంటె ఆ రాసినాయన ఇంటికి పోయి చాయ్ తాగి వచ్చెటోడు.

నిన్న కాకను తోలుకొచ్చిన. పైకెక్కి బొబ్బను గోరుతోని గీకిండు, తోలు లెక్క ఊడొచ్చింది. "తడి మీద ముట్టుకోను. వానలు వెలిసినంక, దసరా దాటినంక చూద్దాం" అని చెప్పులేసుకొని పోయిండు.

నా రివ్యూ తీసేద్దామని ఇప్పుడే తెరిచిన. దాని కింద "నలుగురికి ఉపయోగపడింది" అని ఉన్నది. ఉండుండ్రి, గంగాళం నిండింది, పారబోసి వస్త.

ఇట్లు,
తమ రెండు వందల పదమూడో సాక్షి